తుపాకీ ఒకటే, చట్టాలు అనేకం: అమెరికాలో ఆయుధం కొనడం రాష్ట్రాన్ని బట్టి, రకాన్ని బట్టి ఎలా మారుతుంది?

అమెరికాలో కాల్పులు జరిగిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. "అక్కడ పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, షాపుకెళ్లి తుపాకీ తెచ్చుకోవచ్చు" అని ఒకరంటారు. "అదేం కాదు, వేలిముద్రలిచ్చి, పోలీసుల చుట్టూ తిరిగి, పర్మిట్ కోసం వారాల తరబడి ఎదురుచూడాలి" అని అక్కడే ఉంటున్న ఇంకొకరంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటి మాట టెక్సస్‌లో రైఫిల్‌కు సరిపోతుంది. రెండోది న్యూజెర్సీలో పిస్టల్‌కు సరిపోతుంది.

అమెరికాలో తుపాకీ కొనడం సులువా కష్టమా అని అడిగితే జవాబు రాదు. ముందు మూడు సంగతులు తేలాలి. కొనేది ఏ రకం తుపాకీ? కొనేవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లు? అమ్మేది లైసెన్స్ ఉన్న డీలరా, మామూలు మనిషా? ఈ మూడింట్లో ఏ ఒక్కటి మారినా చట్టం మారిపోతుంది. వార్తల్లో ఈ వివరాలు సాధారణంగా కనిపించవు. అందుకే చదివేవాళ్లకు అంత గందరగోళం, అక్కడ పిల్లలున్నవాళ్లకు అంత టెన్షన్.

చట్టం కళ్లకు తుపాకులన్నీ ఒకటి కావు

మొదటి విభజన పొడవును బట్టి. చేత్తో పట్టుకుని కాల్చే పిస్టల్, రివాల్వర్‌లను హ్యాండ్‌గన్ అంటారు. భుజానికి ఆనించి కాల్చే రైఫిల్, షాట్‌గన్‌లను లాంగ్ గన్ అంటారు. చూడ్డానికి రైఫిల్ భయంకరంగా ఉంటుంది కాబట్టి దానికే కఠినమైన రూల్స్ ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఫెడరల్ (కేంద్ర) చట్టంలో వ్యవహారం తలకిందులుగా ఉంది. డీలర్ దగ్గర లాంగ్ గన్ కొనడానికి 18 ఏళ్లు చాలు, హ్యాండ్‌గన్‌కు 21 నిండాలి.

దీనికి కారణం ఉంది. హ్యాండ్‌గన్‌ను జేబులో, బ్యాగులో దాచుకోవచ్చు. రోజువారీ నేరాల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఎఫ్‌బీఐ లెక్కల ప్రకారం 2019లో 6,368 హత్యల్లో హ్యాండ్‌గన్ వాడినట్టు తేలింది. రైఫిల్ వాడినట్టు తేలినవి 364. ఏ రకం తుపాకీయో నమోదు కాని కేసులు కూడా వేలల్లో ఉన్నాయి కాబట్టి ఇవి పూర్తి లెక్కలు కావు. అయినా తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. స్కూళ్లలో, షాపుల్లో ఒకేసారి ఎంతోమందిని పొట్టన పెట్టుకున్న కొన్ని దారుణాల్లో మాత్రం రైఫిళ్లు పదేపదే కనిపించాయి. ఏ తుపాకీ మీద ఆంక్షలు పెట్టాలన్న గొడవకు మూలం ఇక్కడే ఉంది. ఒకరు మొత్తం మరణాల లెక్క చూస్తున్నారు, ఇంకొకరు ఒక్క రోజులో జరిగిన ఘోరాన్ని చూస్తున్నారు.

రెండో విభజన తుపాకీ పనిచేసే తీరును బట్టి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటా వెళ్లి, తర్వాతి తూటా దానంతటదే సిద్ధమయ్యేది సెమీ ఆటోమేటిక్. నొక్కి పట్టుకున్నంతసేపూ తూటాలు వెళ్తూనే ఉండేది మెషిన్‌గన్. వార్తల్లో తరచూ వినిపించే ఏఆర్-15 మొదటి రకానిది. పేరులోని ఏఆర్ అంటే "అసాల్ట్ రైఫిల్" అని అనుకుంటారు. నిజానికి అది దాన్ని మొదట తయారుచేసిన ఆర్మలైట్ కంపెనీ పేరు నుంచి వచ్చింది.

మరి "అసాల్ట్ వెపన్" అంటే ఏమిటి? ఇది సాంకేతికంగా ఒక తుపాకీ రకం పేరు కాదు, చట్టాలు ఇచ్చుకున్న నిర్వచనం. సాధారణంగా మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) ఊడదీసి మార్చుకునే వీలున్న సెమీ ఆటోమేటిక్ తుపాకీకి పిస్టల్ లాంటి పిడి, భుజానికి ఆనించే వెనుక భాగాన్ని మడిచే వీలు, మంటను కప్పే గొట్టం లాంటివి ఉంటే ఆ కోవలోకి వస్తుంది. ఏవి ఉండాలి, ఎన్ని ఉండాలి అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా రాసుకున్నారు. స్టాక్‌టన్ స్కూల్లో కాల్పుల తర్వాత 1989లో కాలిఫోర్నియా మొదటగా ఈ నిషేధం తెచ్చింది. 1994లో దేశమంతటికీ తెచ్చారు, పదేళ్ల గడువు పెట్టారు. 2004లో గడువు తీరింది, మళ్లీ పొడిగించలేదు. ఇప్పుడు సుమారు పది రాష్ట్రాల్లో సొంత నిషేధాలున్నాయి. పిడి ఆకారం మారినంత మాత్రాన తూటా దెబ్బ మారదు కదా అన్నది వ్యతిరేకుల వాదన. ఆ పిడి, ఆ మ్యాగజైన్ కలిస్తేనే తుపాకీని అదుపు తప్పకుండా, ఆగకుండా ఎక్కువసేపు కాల్చగలుగుతున్నారన్నది సమర్థకుల వాదన. నిర్వచనంలో లొసుగులున్నాయన్న మొదటివాళ్ల మాట నిజమే. తయారీదారులు ఒక్క భాగం మార్చి అదే తుపాకీని మళ్లీ అమ్మిన సందర్భాలు ఉన్నాయి.

మూడోది, ప్రత్యేక చట్టం కిందకు వచ్చే ఆయుధాల జాబితా. 1929లో షికాగోలో ముఠాల మధ్య జరిగిన వాలంటైన్స్ డే హత్యాకాండ లాంటి ఘటనలు దేశాన్ని కుదిపేశాక, 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ వచ్చింది. మెషిన్‌గన్లు, 16 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) ఉన్న రైఫిళ్లు, 18 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ ఉన్న షాట్‌గన్లు, సైలెన్సర్లు దీని కిందకు వస్తాయి. వీటిని ఫెడరల్ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించాలి, వేలిముద్రలివ్వాలి, అనుమతి వచ్చేదాకా ఆగాలి. అప్పట్లో 200 డాలర్ల పన్ను పెట్టారు. ఇప్పటి విలువలో అది 4,000 డాలర్ల పైమాటే. అంటే మామూలు మనిషి కొనలేని స్థితి. ఆ అంకెను తర్వాత ఎప్పుడూ పెంచలేదు. 2025లో చేసిన చట్టం వల్ల 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకు, పొట్టి బ్యారెల్ తుపాకులకు ఆ పన్ను సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. మెషిన్‌గన్లకు పన్ను కూడా అలాగే ఉంది. పైగా 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్‌గన్‌ను మామూలు పౌరులు కొనడానికే వీల్లేదు. అంతకుముందు రిజిస్టరైనవే చేతులు మారుతుంటాయి, వాటి ధర పదుల వేల డాలర్లలో ఉంటుంది.

పదహారు అంగుళాల రైఫిల్‌ను షాపులో మామూలుగా అమ్ముతూ, పదిహేను అంగుళాలదానికి రిజిస్ట్రేషన్ అడగడం ఏం లాజిక్ అని అనిపించవచ్చు. 1934 బిల్లు మొదటి ముసాయిదాలో హ్యాండ్‌గన్లు కూడా ఉన్నాయి. రైఫిల్‌ను కోసి హ్యాండ్‌గన్‌లా దాచుకుని చట్టాన్ని తప్పించుకుంటారేమోనని పొట్టి బ్యారెల్ రూల్ పెట్టారు. చర్చల్లో హ్యాండ్‌గన్లను జాబితా నుంచి తీసేశారు, వాటి కోసం పెట్టిన జాగ్రత్త మాత్రం మిగిలిపోయింది. అమెరికా తుపాకీ చట్టాల్లో ఇలాంటి మిగుళ్లు చాలా ఉన్నాయి.

అసలు చట్టం తుపాకీగా లెక్కించనివి కూడా ఉన్నాయి. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన పాతకాలపు తుపాకులకు ఫెడరల్ తనిఖీ ఉండదు. ఏఆర్-15 లాంటి వాటిలో చట్టం దృష్టిలో "తుపాకీ" అంటే సీరియల్ నంబరుండే, ట్రిగ్గర్ బిగించే రిసీవర్ అనే ఒక్క భాగమే. బ్యారెల్, పిడి, స్ప్రింగులు పార్శిల్‌లో తెప్పించుకోవచ్చు. సగం తయారైన రిసీవర్లను కిట్లుగా అమ్మి, ఇంట్లో పూర్తి చేసుకోమనే వ్యాపారం అందులోంచే పుట్టింది. నంబరు లేని ఆ తుపాకులకు ఘోస్ట్ గన్స్ అని పేరొచ్చింది. ఇలాంటి కిట్లను కూడా తుపాకులుగా పరిగణించవచ్చన్న 2022 నాటి ఫెడరల్ రూల్‌ను 2025 మార్చిలో సుప్రీంకోర్టు 7-2 తేడాతో సమర్థించింది.

దేశమంతటా ఉన్న కనీస రూల్

ఫెడరల్ చట్టం అందరికీ వర్తించే కనీస హద్దు. రాష్ట్రాలు దానికి మించి కఠినంగా ఉండొచ్చు. ఫెడరల్ నిషేధాన్ని ఏ రాష్ట్రమూ ఎత్తేయలేదు.

ఇప్పటి వ్యవస్థకు పునాది 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్. 1963లో అధ్యక్షుడు కెనడీని చంపిన రైఫిల్ పోస్టులో తెప్పించుకున్నది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ను, రాబర్ట్ కెనడీని కాల్చి చంపారు. ఆ తర్వాతే మామూలు జనానికి పోస్టులో తుపాకులు అమ్మడం ఆపేసి, లైసెన్స్ ఉన్న డీలర్ల వ్యవస్థను బిగించారు. డీలర్ దగ్గర కొనేవాళ్లు 4473 అనే ఫారం నింపాలి. ఏడాదికి మించి జైలు పడే నేరంలో శిక్ష పడినవాళ్లు, కుటుంబ హింస కేసులో దోషులు, కోర్టు ఆదేశంతో మానసిక చికిత్సకు పంపినవాళ్లు, మాదకద్రవ్యాలు వాడేవాళ్లు, ఇంకా కొన్ని కోవల వాళ్లు కొనకూడదు. గంజాయిని సొంత రాష్ట్రం చట్టబద్ధం చేసినా, ఫెడరల్ చట్టం దాన్ని ఒప్పుకోదని ఆ ఫారంలోనే హెచ్చరిక ఉంటుంది.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎఫ్-1 మీద చదువుకుంటున్నవాళ్లు, హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.

ఫారం నింపాక డీలర్ ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే వ్యవస్థలో పేరు తనిఖీ చేయిస్తాడు. ఇది 1993 నాటి బ్రాడీ చట్టం ఫలితం, 1998 నవంబరు నుంచి నడుస్తోంది. కొన్ని రాష్ట్రాల్లో ఈ తనిఖీ రాష్ట్ర పోలీసులే చేస్తారు. చాలాసార్లు నిమిషాల్లో జవాబొస్తుంది. అమ్మొచ్చు, అమ్మొద్దు, ఆగండి, ఈ మూడింటిలో ఒకటి. "ఆగండి" అన్నాక మూడు పనిదినాల్లో ఏ సంగతీ తేలకపోతే, ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ అమ్మేయవచ్చు.

ఈ మూడు రోజుల వెసులుబాటు ఎంత ఖరీదైనదో 2015లో తెలిసింది. సౌత్ కరొలైనాలోని చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపిన యువకుడి మీద డ్రగ్స్ కేసు ఉంది. దాని రికార్డు ఏ పోలీసుల దగ్గరుందో తేలక తనిఖీ పెండింగ్‌లో పడింది, గడువు దాటింది, పిస్టల్ అతని చేతికి వచ్చింది. అమ్మి ఉండకూడదని తర్వాత ఎఫ్‌బీఐ డైరెక్టరే ఒప్పుకున్నారు. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని పొట్టన పెట్టుకున్నవాడి మానసిక చికిత్స ఉత్తర్వు నిక్స్‌కు చేరనే లేదు. తనిఖీ ఉంటే చాలదు, రికార్డు కూడా సమయానికి అక్కడికి చేరాలి. ఈ రెండు ఘటనలు తలుచుకుంటే నాకు చట్టంలోని కఠిన పదాల కంటే ఆఫీసుల మధ్య కదలని కాగితాలే ఎక్కువ బాధ కలిగిస్తాయి.

గడువు లేకపోతే మాత్రం ఏ తప్పూ చేయని మనిషి హక్కును ప్రభుత్వం "ఆగండి" అన్న ఒక్క మాటతో నెలల తరబడి తొక్కిపెట్టవచ్చు అని తుపాకీ హక్కుల సంఘాలు అంటాయి. కొట్టిపారేయదగ్గ భయం కాదు. అందుకే 2022లో కాంగ్రెస్ మధ్యేమార్గం ఎంచుకుంది. 21 ఏళ్లలోపు వాళ్ల విషయంలో, చిన్ననాటి రికార్డుల్లో అనుమానం కనిపిస్తే గడువును పది పనిదినాల దాకా పొడిగించే వీలిచ్చింది.

1934 చట్టం కిందకు వచ్చే ఆయుధాలకే కాక, మామూలు తుపాకులకు కూడా ఎవరి దగ్గర ఏది ఉందో చెప్పే జాతీయ రిజిస్టర్ ఒకటి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిది పెట్టకూడదని 1986 చట్టం స్పష్టంగా చెప్పింది. 4473 ఫారం డీలర్ షాపులోనే ఉంటుంది. ఒక నేరంలో తుపాకీ దొరికితే దర్యాప్తు సంస్థ ఏటీఎఫ్ ముందు తయారీదారును, తర్వాత హోల్‌సేలర్‌ను, చివరికి డీలర్‌ను అడిగి మొదట కొన్నదెవరో తెలుసుకోవాలి. ఆ తర్వాత అది ఎన్ని చేతులు మారిందో ఆ కాగితాలు చెప్పవు.

డీలర్ కాని మనిషి అమ్మితే

ఇక్కడే దేశం రెండుగా చీలుతుంది. ఒకే రాష్ట్రంలో ఉంటున్న ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి ఫెడరల్ చట్టం తనిఖీ అడగదు. కొనేవాడు నిషేధిత కోవలో ఉన్నాడని అమ్మేవాడికి తెలిసినా, అనుమానించే కారణం ఉన్నా అమ్మడం నేరం. విచారించి తెలుసుకోవాలన్న బాధ్యత మాత్రం లేదు.

"గన్ షో లూప్‌హోల్" అన్న మాట దీని గురించే. ఆ మాట కొంత తప్పుదోవ పట్టిస్తుంది. గన్ షోలో స్టాల్ పెట్టిన లైసెన్స్ డీలర్ అక్కడ కూడా తనిఖీ చేయాల్సిందే. తేడా స్థలంలో లేదు, అమ్మేవాళ్లలో ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, కొలరాడో, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు ప్రైవేటు అమ్మకం కూడా డీలర్ ద్వారానో, పర్మిట్ చూసో జరగాలని చట్టం చేశాయి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా లాంటి చోట్ల రాష్ట్ర చట్టం అలా అడగదు.

ఒకే కుర్రాడు, మూడు రాష్ట్రాలు

ఏ నేరచరిత్రా లేని, అమెరికా పౌరుడైన 19 ఏళ్ల యువకుణ్ణి ఊహించుకుందాం. అతనికి ఒక పిస్టల్, ఒక ఏఆర్-15, వేటకు వాడే ఒక బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగి సిద్ధం చేసుకోవాల్సినది) కావాలి.

టెక్సస్‌లో ఉన్నాడనుకుందాం. డీలర్ దగ్గరికెళ్తే ఏఆర్-15, వేట రైఫిల్ రెండూ కొని ఇంటికి తెచ్చుకోవచ్చు. నిక్స్ తనిఖీ దాటితే చాలు. రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు. పిస్టల్ మాత్రం డీలర్ దగ్గర ఫెడరల్ వయసు రూల్ అడ్డొస్తుంది. అదే పిస్టల్‌ను రాష్ట్రంలోని ఒక మామూలు మనిషి అమ్మితే? ఫెడరల్ చట్టం అలాంటి అమ్మకాలకు 18 ఏళ్ల హద్దే పెట్టింది, టెక్సస్ చట్టం కూడా అంతే. కాబట్టి తనిఖీ చేసే షాపు కాదన్న పిస్టల్ తనిఖీ లేని చోట చట్టబద్ధంగా దొరుకుతుంది. ఈ రూల్‌ను మొదటిసారి చదివినప్పుడు నేను పొరబడ్డానేమోనని మళ్లీ చదివాను.

ఇప్పుడు న్యూజెర్సీకి వెళ్దాం. లాంగ్ గన్ కొనడానికి ముందు ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడెంటిఫికేషన్ కార్డు కావాలి. దరఖాస్తు స్థానిక పోలీసుల ద్వారా వెళ్తుంది. వేలిముద్రలు, తెలిసినవాళ్ల పూచీ, మానసిక ఆరోగ్య రికార్డులు చూసేందుకు అంగీకారం, 2022 తర్వాత భద్రతా శిక్షణ కూడా అడుగుతున్నారు. ఇవన్నీ దాటితే 19 ఏళ్లవాడు వేట రైఫిల్ కొనగలడు. ఏఆర్-15 అక్కడ 1990 నుంచి నిషేధిత జాబితాలో ఉంది. పిస్టల్‌కు 21 నిండాలి. నిండాక కూడా ఒక్కో పిస్టల్‌కు విడివిడిగా పర్మిట్ తీసుకోవాలి.

కాలిఫోర్నియాలో దారి ఇంకోలా ఉంటుంది. ఏ తుపాకీకైనా సాధారణ వయసు 21. వేట లైసెన్స్ ఉంటే 18 దాటినవాళ్లకు కొన్ని లాంగ్ గన్లు అమ్ముతారు కాబట్టి వేట రైఫిల్‌కు దారి ఉంది. సాధారణంగా ముందు ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వాలి. డబ్బు కట్టాక పది రోజులు ఆగాలి. 2024 జూలై నుంచి తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం ప్రత్యేక పన్ను కూడా ఉంది. పిస్టల్‌కు 21 నిండాక వెళ్లినా, డీలర్ దగ్గర కొత్తగా కొనేది రాష్ట్రం పరీక్షించి ఆమోదించిన మోడళ్లలోనే ఎంచుకోవాలి. టెక్సస్ షాపులో కొత్తగా వచ్చిన పిస్టల్ కాలిఫోర్నియా షాపులో కనిపించకపోవడానికి అదే కారణం.

అదే కుర్రాడు సైలెన్సర్ కూడా అడిగితే? కాలిఫోర్నియా, న్యూజెర్సీలతో కలిపి ఎనిమిది రాష్ట్రాల్లో మామూలు పౌరులకు అది దొరకదు. టెక్సస్‌లో దొరుకుతుంది, కానీ 1934 చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, డీలర్ అమ్మాలంటే 21 నిండాలి. కాల్చే రైఫిల్ 19 ఏళ్లకే దొరుకుతుంది, దాని శబ్దం తగ్గించే గొట్టానికి ఇంకో రెండేళ్లు ఆగాలి.

2022 మే నెల

ఈ తేడాలు కాగితం మీదివి మాత్రమే కావని 2022 మే గుర్తుచేస్తుంది. మే 14న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో ఒక సూపర్ మార్కెట్‌లో పదిమంది నల్లజాతివారిని 18 ఏళ్ల యువకుడు చంపాడు. మే 24న టెక్సస్‌లోని యువాల్డీ స్కూల్లో 19 మంది పసిపిల్లలు, ఇద్దరు టీచర్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ నేరం చేసిందీ 18 ఏళ్లవాడే. పుట్టినరోజు అయిన కొద్ది రోజుల్లోనే రెండు ఏఆర్ తరహా రైఫిళ్లు కొన్నాడు.

రెండు రాష్ట్రాల చట్టాలూ ఆనాటికి 18 ఏళ్లవాడికి రైఫిల్ అమ్మడాన్ని ఒప్పుకున్నాయి. కఠిన చట్టాలకు పేరుపడ్డ న్యూయార్క్‌లో కూడా 1911 నుంచి లైసెన్స్ అడుగుతున్నది దాచిపెట్టగల చిన్న తుపాకులకే. కొన్ని వారాల్లోనే న్యూయార్క్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు 21 ఏళ్లు, లైసెన్స్ తప్పనిసరి చేసింది. టెక్సస్ వయసు మార్చలేదు. అంతకు నాలుగేళ్ల ముందు, పార్క్‌ల్యాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక, తుపాకీ హక్కులకు గట్టి మద్దతుండే ఫ్లోరిడా అన్ని తుపాకులకూ 21 ఏళ్ల వయసు పెట్టింది. "రిపబ్లికన్ రాష్ట్రం కాబట్టి ఇలా, డెమొక్రాట్ రాష్ట్రం కాబట్టి అలా" అని గీత గీసేస్తే ఫ్లోరిడా ఆ గీతకు లొంగదు.

ఆగమనడం, పర్మిట్ అడగడం: పనిచేస్తాయా?

సుమారు డజను రాష్ట్రాల్లో వెయిటింగ్ పీరియడ్ ఉంది. ఇల్లినాయ్‌లో 72 గంటలు, కాలిఫోర్నియాలో పది రోజులు. తనిఖీ నిమిషాల్లో అయిపోతుంటే ఈ ఎదురుచూపు ఎందుకు? జవాబు హత్యల్లో కంటే ఆత్మహత్యల్లో ఎక్కువ దొరుకుతుంది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవారు 48,830 మంది. అందులో 26,328 మరణాలు ఆత్మహత్యలే. కాల్పుల వార్తలు చూసేవాళ్లకు ఈ సగం కనబడదు. ప్రాణం తీసుకోవాలన్న తీవ్రమైన ఆవేశం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ సమయం దాటించగలిగితే మనిషి బతుకుతాడు. తుపాకీతో చేసే ప్రయత్నంలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా చనిపోతారు కాబట్టి, ఆ సమయంలో అది చేతికి అందకపోవడమే పెద్ద తేడా.

వ్యతిరేకంగా కూడా బలమైన ఉదాహరణే చెబుతారు. మాజీ భర్త చంపుతానని బెదిరిస్తున్న ఒక మహిళకు ఆ పది రోజులు ఆగమని చెప్పగలమా? అప్పటికే ఇంట్లో రెండు తుపాకులున్న వ్యక్తిని మూడోదాని కోసం ఆపితే ఏం ఒరుగుతుంది? కొన్ని రాష్ట్రాలు ఇలాంటి వాళ్లకు మినహాయింపులిచ్చాయి, కొన్ని ఇవ్వలేదు.

పర్మిట్ విషయంలో పరిశోధకులు తరచూ రెండు రాష్ట్రాలను పోలుస్తారు. కనెటికట్ 1995లో హ్యాండ్‌గన్ కొనుగోలుకు పర్మిట్ తప్పనిసరి చేసింది. మిస్సోరి 2007లో తన పర్మిట్ చట్టాన్ని రద్దు చేసింది. మొదటిచోట తుపాకీ హత్యలు తగ్గాయని, రెండోచోట పెరిగాయని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు లెక్కకట్టారు. రెండు రాష్ట్రాలను బట్టి యాభై రాష్ట్రాలకు తీర్పు చెప్పలేమని, అదే కాలంలో పోలీసు వ్యవస్థ, ఆర్థిక పరిస్థితులు కూడా మారాయని విమర్శకులు అంటారు. పర్మిట్ ఖర్చు, సెలవు పెట్టి తిరగాల్సిన రోజులు పేదవాళ్ల మీదే ఎక్కువ భారం పడతాయన్న మాట కూడా ఆలోచించదగ్గదే. నా మటుకు నాకు, ఆత్మహత్యల విషయంలో వెయిటింగ్ పీరియడ్ వాదన మిగతావాటి కంటే బలంగా కనిపిస్తోంది.

సరిహద్దు దాటితే

"షికాగోలో అంత కఠిన చట్టాలుండి కూడా కాల్పులు ఆగలేదు కదా, మరి చట్టాలతో ఏం లాభం?" అన్నది తరచూ వినిపించే ప్రశ్న. జవాబు కోసం పటం చూడాలి. షికాగోలో పోలీసులకు దొరికిన తుపాకుల మూలాలు వెతికితే, సగానికి పైగా ఇల్లినాయ్ బయటి నుంచి వచ్చినవని నగర నివేదికలు చెప్పాయి. బయటి రాష్ట్రాల్లో మొదటి స్థానం పక్కనే ఉన్న ఇండియానాది. తూర్పు తీరంలో దక్షిణ రాష్ట్రాల నుంచి ఐ-95 హైవే మీదుగా న్యూయార్క్ వైపు తుపాకులు వెళ్లే దారికి "ఐరన్ పైప్‌లైన్" అనే పేరే ఉంది.

షికాగో మనిషి ఇండియానా షాపుకెళ్లి పిస్టల్ కొనుక్కొచ్చేస్తాడా? చట్టప్రకారం కుదరదు. హ్యాండ్‌గన్‌ను సొంత రాష్ట్రంలోని డీలర్ ద్వారానే తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో నచ్చితే దాన్ని ఇంటి దగ్గరి డీలర్‌కు పంపించుకోవాలి. రైఫిల్, షాట్‌గన్ అయితే వేరే రాష్ట్రపు డీలర్ దగ్గరే కొనొచ్చు, కానీ రెండు రాష్ట్రాల చట్టాలూ పాటించాలి. వేర్వేరు రాష్ట్రాల మామూలు మనుషులు డీలర్ లేకుండా తుపాకీ అమ్ముకోవడం పూర్తిగా నేరం.

మరి ఎలా దాటుతున్నాయి? ఎక్కువగా రికార్డు శుభ్రంగా ఉన్న ఒక ఇండియానా వాసి తనకోసమే అని ఫారంలో రాసి, ఇంకొకరి డబ్బుతో కొనడం ద్వారా. దీన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022 చట్టం దీన్ని ప్రత్యేక ఫెడరల్ నేరంగా చేసి 15 ఏళ్ల దాకా జైలు పెట్టింది. తనిఖీ లేని ప్రైవేటు అమ్మకాలు ఇంకో దారి, దొంగతనాలు మరో దారి. ఈ ఒక్క సమాచారం నుంచే రెండు వాదనలూ పుడతాయి. పక్క రాష్ట్రం బలహీనంగా ఉంటే మన చట్టం ఎంత గట్టిదైనా లీకవుతుంది కాబట్టి దేశమంతటా ఒకే రూల్ కావాలని ఒకరంటారు. ఆ బలహీనమైన చట్టాలే ఉన్న ఇండియానాలో చాలాచోట్ల షికాగో స్థాయి హింస లేదు, కాబట్టి అసలు కారణాలు వేరే ఉన్నాయని ఇంకొకరంటారు.

కోర్టులు మార్చిన లెక్క

1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ ఆయుధాలు కలిగి ఉండే హక్కు గురించి చెబుతుంది. అది వ్యక్తులకు, ఇంట్లో ఆత్మరక్షణకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది 2008 నాటి హెల్లర్ తీర్పులోనే. 2010లో అది రాష్ట్రాలకు, నగరాలకు కూడా వర్తిస్తుందని తేల్చింది. షికాగో హ్యాండ్‌గన్ నిషేధం దాంతో పోయింది. హక్కుకు హద్దులుంటాయని, నేరస్థులకు అమ్మకూడదన్న నిషేధాలు చెల్లుతాయని కూడా హెల్లర్ తీర్పులోనే ఉంది.

2022 జూన్‌లో వచ్చిన బ్రూయెన్ తీర్పు కొలబద్దనే మార్చింది. ఒక ఆంక్ష వల్ల ప్రజలకు మేలు జరుగుతుందా అని చూడటం ఇక చాలదు. దేశ చరిత్రలో అలాంటి నియంత్రణ సంప్రదాయం ఉందని ప్రభుత్వం చూపించాలి. అప్పటినుంచి లాయర్లు 18వ శతాబ్దపు చట్టాల పుస్తకాలు తిరగేస్తున్నారు. 2024లో రహీమీ కేసులో, కుటుంబ హింస కారణంగా కోర్టు నిషేధ ఉత్తర్వు ఉన్న వ్యక్తి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని 8-1తో నిలబెడుతూ, అచ్చంగా అలాంటి పాత చట్టమే ఉండాలని కాదు, దాని సూత్రం కలిస్తే చాలు అని కోర్టు సర్దిచెప్పింది. ఎంత కలిస్తే చాలో కింది కోర్టులు ఒక్కోటి ఒక్కోలా చదువుతున్నాయి. న్యూమెక్సికో ఏడు రోజుల వెయిటింగ్ పీరియడ్ రాజ్యాంగానికి విరుద్ధంగా ఉన్నట్టుందని 2025 ఆగస్టులో ఒక అప్పీలు కోర్టు దాన్ని ఆపమంది.

వయసు విషయంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. డీలర్లు 21 ఏళ్లలోపు వాళ్లకు హ్యాండ్‌గన్ అమ్మకూడదన్న 1968 నాటి ఫెడరల్ రూల్ చెల్లదని 2025 జనవరిలో టెక్సస్, లూసియానా, మిసిసిపీలను చూసే ఐదో సర్క్యూట్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు) చెప్పింది. ఆ తీర్పు ఎవరెవరికి వర్తిస్తుందన్నది మళ్లీ పేచీ అయింది. రెండు నెలలకే ఫ్లోరిడా, జార్జియా, అలబామాలను చూసే పదకొండో సర్క్యూట్, రైఫిళ్లకు కూడా 21 పెట్టిన ఫ్లోరిడా చట్టం చెల్లుతుందంది. జూన్‌లో వర్జీనియా, మేరీల్యాండ్ వైపు చూసే నాలుగో సర్క్యూట్ ఆ హ్యాండ్‌గన్ రూల్‌నే సమర్థించింది. ముగ్గురూ చదివింది ఒకే సవరణ, ఒకే చరిత్ర. పైన మనం ఊహించుకున్న 19 ఏళ్ల కుర్రాడు ఇప్పుడు షాపు మెట్లెక్కే ముందు తానున్న రాష్ట్రం పేరుతో పాటు, ఆ రాష్ట్రం ఏ సర్క్యూట్ కిందకు వస్తుందో కూడా చూసుకోవాలి.